చెక్కు చేతికి వచ్చేదాకా

నవంబరు 3

గువ్వకి,

వదిన దీవెనలు. మంచి కబురు ముందే చెప్పేస్తాను, లేకపోతే ఉత్తరం చివరిదాకా ఊపిరి బిగబట్టుకుని చదువుతావు. ఇంటి లోను మంజూరైంది! నిన్న బ్యాంకులో కళ్ళజోడు అమ్మాయి కాగితం నా చేతిలో పెట్టింది. పైన నీ పేరు, కింద నా పేరు. నీది నర్సు ఉద్యోగం, నెల జీతం కాబట్టి నువ్వు పైన. నేను రొట్టెలు కాల్చి సంపాదించేది బ్యాంకువాళ్ళ కంటికి ఆనదట. ఆనకపోతే మానె, పొద్దున్నే నా గుమ్మం ముందు వరసలో నిలబడే వాళ్ళలో ఆ బ్యాంకు గుమాస్తా కూడా ఒకడు.

మనం అద్దెకుంటున్న ఈ ఇంటిని మనకే అమ్మేలా ఇంటాయనతో రాసుకున్న అగ్రిమెంటు ప్రకారం ఈ నెల ముప్పైలోపు చెక్కు ఆయన చేతికి అందాలి. దాటిందంటే పక్క గోడౌను ఆయన కాచుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం టేపు పట్టుకొచ్చి మన వెనకగోడ కొలుస్తున్నాడు. బట్టీ కొట్టేస్తే రెండు లారీలు నిలబడతాయని వాళ్ళ మేస్త్రీతో అంటున్నాడు, నేను వింటున్నానని తెలిసి కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. పిండి చేతులతోనే బయటికి వెళ్ళి, "లోపల కూడా కొలుచుకుంటారా? ఇప్పుడే మంట వేశాను" అన్నాను. టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మీ అన్నయ్య తన చేత్తో ఒక్కో ఇటుకా పేర్చి కట్టిన బట్టీ అది. ఆయన పోయి ఆరేళ్ళయినా ఎడమవైపు ఇప్పటికీ కాస్త ఎక్కువ కాలుతుంది, అచ్చం ఆయన కోపంలాగే. ఆ వైపు రొట్టెలు ముందు తీయాలని నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఇల్లు మారితే సామాను మోసుకుపోవచ్చు, బట్టీని ఎక్కడికి మోసుకుపోను?

నా కుడి మణికట్టు సంగతి అడిగావు. అలాగే ఉంది. పిండి పిసికేటప్పుడు కలుక్కుమంటుంది. డాక్టరు విశ్రాంతి ఇమ్మన్నాడు. సరే, విశ్రాంతి ఇస్తాను, ఆయన వచ్చి రోజూ మూడు తొట్లు పిండి పిసికి వెళ్తే.

అన్నట్టు మరిచిపోయాను. చెక్కు చేతికి వచ్చేదాకా మనిద్దరిలో ఎవరూ కొత్తగా అప్పు చేయకూడదని కళ్ళజోడు అమ్మాయి మరీ మరీ చెప్పింది. కార్డులు, వాయిదాల మీద వస్తువులు, ఇంకొకరికి హామీ సంతకాలు, ఏవీ వద్దట. చెక్కు రాసే ముందు మళ్ళీ ఇద్దరి పేర్లూ వెతికి చూస్తారట, కొత్తది కనబడిందా ఫైలు వెనక్కే. నీకు ఈ మాట చెప్పాల్సిన పని లేదులే. ఆ కొండ మీద కొనడానికి బండరాళ్ళు తప్ప ఏమున్నాయి?

వేళకి తిను.

మీ వదిన


నవంబరు 4

వదినకి,

గువ్వ దండాలు. ఇక్కడ చలి మొదలైంది. మందుల గదిలో సీసాలు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మావాళ్ళు తవ్వుతున్న సొరంగం ఇంకో అర మైలు లోపలికి పోయింది. పేలుడు మందు ఉంటుందని ఫోన్లన్నీ గేటు దగ్గరే లాక్కుంటున్నారు. అయినా ఈ కొండల్లో ఫోను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వారానికి రెండుసార్లు సరుకుల లారీ వచ్చినప్పుడే మాకు బయట ప్రపంచం ఉందని గుర్తొస్తుంది. లారీ దిగిన సంచిలో నీ ఉత్తరం లేకపోతే ఆ రోజు ఎవరు ఇంజెక్షనుకి వచ్చినా వాళ్ళ అదృష్టం బాగోలేనట్టే.

లోను సంగతి ఏమైంది? అవుతుందిలే. నాకు దిగులు లేదు.

నిన్న జీతాల రోజు. ఆ రోజున నేనొక పని చేశాను. ఏమిటని అడక్కు, అడిగినా చెప్పను. నీ సంగతి నాకు తెలీదా? ఏది తెచ్చిచ్చినా తిరగ్గొడతావు. నేను కొన్న స్వెటరు ఏడాది పాటు కవరులోనే పెట్టి, చివరికి ఇంటాయన కూతురికి పెళ్ళికానుకగా ఇచ్చేశావు. చెప్పులు కొంటే కాలికి పట్టవన్నావు, నీ కొలత తీసుకునే కొన్నాను మరి! అందుకే ఈసారి నీతో చెప్పకుండా, అడక్కుండా చేశాను. నెలనెలా జీతంలోంచి పోతుంది, నాకు తెలియను కూడా తెలియదు. కాగితాలన్నీ కరెంటాయన పక్కన కూర్చుని నింపి పెట్టాడు. ఆయన లేకపోతే నావల్ల అయ్యేది కాదు, చాలా మంచి మనిషి.

వచ్చే నెల మొదటి వారందాకా ఓపిక పట్టు. తరవాత తిట్టుకుందువుగాని, అంతా అయిపోయాక.

నీ గువ్వ


నవంబరు 8

గువ్వా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాది నీకు ఇంకా అందినట్టు లేదు. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయన్నమాట.

నెలనెలా జీతంలోంచి పోవడమేమిటి? కాగితాలు నింపడమేమిటి? నా ఉత్తరం చూశాక ఒక్క ముక్క రాయి. ఎక్కడైనా సంతకం పెట్టావా, లేదా? అవునంటే అవునను, కాదంటే కాదను. నీ చమత్కారాలన్నీ పక్కన పెట్టి రాయి. ముప్పయ్యో తారీకు నా నెత్తిమీద కూర్చుని ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే ధ్యాస. నిన్న ఉప్పు వేయకుండా ఒక వాయి మొత్తం కాల్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది.

ఇక ఆ కరెంటాయన. ఎవరమ్మా ఆ మంచి మనిషి? మూడు నెలల్నుంచి నీ ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట వెలుగుతూనే ఉన్నాడు. నీ గదిలో బల్బు మార్చాడు, నీకు దుప్పటి తెచ్చాడు, ఇప్పుడు పక్కన కూర్చుని కాగితాలు నింపాడు. నీకు ముప్పై మూడేళ్ళు. మనసుకి నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే అడ్డుపడేదాన్ని కాదు. అన్నయ్య లేడు కాబట్టి నేనే ముందు నిలబడి చేయాలి, చేస్తాను కూడా. కానీ అలాంటిదేమైనా ఉంటే ముందు నాకు చెప్పాలి. ఊరందరికీ తెలిశాక నాకు తెలియడం బాగుండదు.

ముందు నేనడిగినదానికి జవాబు రాయి.

వదిన


నవంబరు 12

వదినకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే లారీలో వచ్చాయి. దారిలో కొండచరియ విరిగిపడి నాలుగు రోజులు లారీ రాలేదు.

లేదు. ఏ అప్పూ లేదు. జీతంలోంచి పోయేది ఇక్కడి క్యాంటీన్ చీటీ డబ్బు, అంతే. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. లోను వచ్చినందుకు నాకెంత సంతోషంగా ఉందో రాయలేను. రాత్రి నాలుగుసార్లు చదివాను ఆ ముక్క.

కరెంటాయన సంగతి తరవాత తీరిగ్గా చెబుతాను. ఇప్పుడు తీరిక లేదు. డ్రిల్లు మిషను దగ్గర ఒకతనికి చెయ్యి నలిగింది, కట్టు మార్చాలి. మణికట్టుకి గోరువెచ్చని నీళ్ళు పట్టు, బరువులెత్తకు.

చీటీ సంగతి బ్యాంకులో ఎవరికీ చెప్పకు, అనవసరంగా తికమక పడతారు.

నీ గువ్వ


నవంబరు 17

ఆడపడుచుగారికి,

వదిన వ్రాయునది. మీరు క్షేమమని తలుస్తాను.

నిన్న బ్యాంకునుంచి పిలిచారు. నవంబరు మూడో తారీకున, అంటే లోను మంజూరైన మర్నాడే, మీ పేరు మీద కొత్త అప్పు పుట్టిందట. ఇంటి సామాన్లు వాయిదాల మీద ఇచ్చే కంపెనీ. హామీదారుగా ఒక మగమనిషి పేరు. మొత్తం ఎంతో కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఒక కొత్త కాపురం పెట్టుకోవడానికి సరిపడా ఉంది. నేను ఆ అమ్మాయితో ధైర్యంగా వాదించాను. "మా అమ్మాయి అలాంటిది కాదండీ, అది క్యాంటీన్ చీటీ, పొరపాటు పడ్డారు" అన్నాను. ఆవిడ కంప్యూటరు నావైపు తిప్పి చూపించింది. చుట్టూ అంతమంది ముందు నేను అబద్ధాలకోరునయ్యాను. బ్యాంకు బయట మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

అవునా కాదా అని అడిగితే కాదని రాశారు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచి మీకు జడలు వేశాను. అప్పుడు బళ్ళో దెబ్బలు తిన్నా నాతోనే చెప్పేవారు. ఇప్పుడు పెళ్ళి కూడా చెప్పకుండా చేసుకునేంత దూరమైపోయానా?

ఇంకొకటి. మొన్న పొద్దున ఆ కంపెనీ లారీయే మా గుమ్మం ముందు ఆగింది. పెద్ద చెక్కపెట్టె దించబోయారు. ఇద్దరు మనుషులు కూడా మోయలేకపోతున్నారు. ఎవరిదంటే మీ పేరే చెప్పారు. ఏమిటో తెలియక సందేహించాను, బ్యాంకులో విన్నాక నాకు అర్థమైంది. మీ కాపురం సామాన్లు దాచిపెట్టడానికి నా ఇల్లు దొరికిందన్నమాట. కానీ మొన్న ఆ సంగతి తెలియకపోయినా నేను ఊరుకోలేదు. "నేను కొననిది నా ఇంట్లోకి రాదు" అన్నాను. డ్రైవరు వినకుండా గుమ్మంలో దించేస్తుంటే, రొట్టెలు తీసే పొడుగు కర్రతో వెనక్కి నెట్టాను. పెట్టె లారీ మీదనుంచి జారి మూల మీద పడింది. పడితే పడిందని తలుపేసుకున్నాను, వాళ్ళే మళ్ళీ ఎక్కించుకుని పోయారు.

మా తమ్ముడు తన జీతం చూపించి సంతకం పెడతానంటున్నాడు. మీ పేరు తీసి అతని పేరు వేస్తే ఫైలు ముప్పైలోపు తప్పకుండా కదులుతుందని కళ్ళజోడు అమ్మాయి చెప్పింది. ఆలోచిస్తున్నాను.

మీరు సుఖంగా ఉండాలి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


నవంబరు 20

వదినా,

నన్ను తిట్టు, కొట్టు, కానీ ఇంకోసారి "మీరు" అని రాయకు. ఆ ఉత్తరం చదివి మందుల గదికి లోపల్నుంచి గడియ పెట్టుకుని ఏడ్చాను. బయట ఎవరో జ్వరమని తలుపు కొడుతూనే ఉన్నారు.

కాపురం లేదు, పెళ్ళి లేదు. హామీ సంతకం పెట్టిన కరెంటాయనకి ఇద్దరు మనవలు. పై పళ్ళు కట్టుడువి, రాత్రిపూట నా మందుల గదిలో గ్లాసులో పెట్టుకుని పోతాడు. నీ అనుమానం చెబితే ఆయన పడీపడీ నవ్వి, "మీ వదినగారికి నా ఫొటో పంపించు తల్లీ, ప్రాణం కుదుటపడుతుంది" అన్నాడు.

ఆ పెట్టెలో ఉన్నది పిండి కలిపే యంత్రం. నీకోసం. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నువ్వు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పిండి పిసకడం చూశాను. నేను లోపలికి రాగానే చెయ్యి వదిలేసి నవ్వావు. కొనిస్తానంటే ఒప్పుకోవని తెలుసు. జీతాల రోజున ఆ కంపెనీ మనిషి క్యాంటీన్లో బల్ల వేసుకుని కూర్చుంటే వెంటనే సంతకం పెట్టేశాను. ఇంటి రిజిస్ట్రేషన్ అయ్యాకే పంపమని చెప్పాను. వాళ్ళు తొందరపడి ముందే పంపారు. నీ ఉత్తరం నాకు అందేసరికి సంతకం ఆరిపోయి తొమ్మిది రోజులైంది.

అబద్ధం ఎందుకు రాశానంటే, రద్దు చేయించుకోవచ్చని కంపెనీ మనిషి చెప్పాడు. నీకు తెలిసేలోపు రద్దయిపోతే నువ్వు ఊరికే బెంగపడకుండా ఉంటావనుకున్నాను. లోపల భయం, పైకి ధైర్యం. నువ్వు మెట్ల మీద కూర్చున్నావని చదివాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు సంగతి విను. యంత్రం చెక్కుచెదరకుండా వాళ్ళ గోడౌనుకి చేరితేనే ఆ అప్పు మూసేసి, మూసినట్టు బ్యాంకుకి రాసిస్తారట. నువ్వు తరిమేసినందుకు మొదటిసారి నీ మొండితనానికి దండం పెట్టాను. కానీ మూల మీద పడిందన్నావు. లోపల ఏమైందో! వెళ్ళి కనుక్కోగలవా? నేను కూడా ఇక్కడి సరుకుల లారీ డ్రైవరు చేతికి కంపెనీకి ఉత్తరమిచ్చి పంపాను.

అయినా దానికోసం ఆగొద్దు. మీ తమ్ముడి పేరు వేయించెయ్యి. నావల్ల ఆ ఇల్లు పోకూడదు. అన్నయ్య కట్టిన బట్టీ పోకూడదు. కాగితం మీద నా పేరు ఉంటేనేం, లేకపోతేనేం.

అలా రాశాను గాని వదినా, ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. నా పేరు తీసేయమని నన్ను అడక్కముందే బ్యాంకులో అడిగావు. రేపు సెలవుకి వస్తే ఆ గుమ్మంలో ఎవరిగా నిలబడాలి? చుట్టపుచూపుగానా?

గువ్వ


నవంబరు 24

ఒసేయ్ గువ్వా,

పిండి కలిపే యంత్రమా! నా మణికట్టు కోసం ఇల్లు తాకట్టు పెట్టేదానివి. దగ్గరుంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఉత్తరం బట్టీ దగ్గర నిలబడి చదివాను, ఎడమవైపు రొట్టెలు మాడిపోయాయి. మాడనీ.

ముందు నా తప్పు. నిన్ను అడక్కుండా నీ పేరు తీసేస్తే ఏమవుతుందని అడగడం తప్పే. కోపంలో అడిగాను, కోపంలో రాశాను. పళ్ళసెట్టు పెద్దమనిషికి నా నమస్కారాలు చెప్పు.

నిన్న రొట్టెలు మానేసి బస్సెక్కి ఆ కంపెనీ గోడౌనుకి వెళ్ళాను. పెట్టె ఒక మూల పగిలింది, లోపల రేకు కూడా కాస్త సొట్టపోయింది. అక్కడి మేనేజరు ముఖం చిట్లించి, ఇది మేము వెనక్కి తీసుకోం, కిందపడేసింది మీరే అన్నాడు. నేనే పడేశానని ఒప్పుకున్నాను. డ్రైవరు పక్కనే ఉన్నాడు కదా, ఎలా బుకాయిస్తాను. అంతసేపూ ఆ యంత్రాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎంత బావుందే! తొట్టి లోపల అద్దంలా ఉంది. ఒకసారి తిప్పి చూడాలనిపించింది. ఆ ఆశ నాకే సిగ్గనిపించింది.

చివరికి మెకానిక్కు వచ్చి నడిపి చూస్తాడట, బాగా నడిస్తే సొట్టకు డబ్బు కట్టించుకుని అప్పు మూసేస్తారట. మెకానిక్కు ఇరవై ఏడుకి గాని రాడు. ఆ తరవాత వాళ్ళు కాగితం రాయాలి, బ్యాంకువాళ్ళు మళ్ళీ పేర్లు వెతకాలి, పైవాళ్ళు మళ్ళీ సంతకం పెట్టాలి. ముప్పైలోపు అవుతుందా అంటే కళ్ళజోడు అమ్మాయి చెప్పలేనంది. పాపం ఆ పిల్ల మంచిదే, నాకు మంచినీళ్ళు తెప్పించింది.

మా తమ్ముడు ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త పెన్ను జేబులో పెట్టుకుని బ్యాంకుకి వచ్చాడు. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. వాడు సంతకం పెడితే ఇల్లు ఖాయం. పెన్ను మూత తీశాడు. నేను వద్దన్నాను. వాడు నోరు తెరిచాడు, కళ్ళజోడు అమ్మాయి కూడా. "ఇంటికి పో తమ్ముడూ, భోజనం వేళైంది" అని పంపేశాను. వాడికి కోపం వచ్చింది. "రేపు వీధిలో నిలబడితే నన్ను పిలవకు" అని వెళ్ళిపోయాడు.

ఆగుదాం. ఏదవుతుందో చూద్దాం. నాకు భయంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టక లేచి బట్టీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను, ఇంకా వెచ్చగానే ఉంది.

నీ వదిన


నవంబరు 27

వదినా,

నీకేమైనా మతి పోయిందా? నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది, లారీ ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పరుగున వెళ్ళి మీ తమ్ముణ్ణి పిలువు. కాళ్ళు పట్టుకోవాల్సి వస్తే పట్టుకో. నేను గుచ్చుకుందని రాసింది మరిచిపో, ఏదో నొప్పిలో రాశాను. నాకు ఇల్లు అక్కర్లేదు, నువ్వు రోడ్డున పడకుండా ఉంటే చాలు. నీ చేతికి నొప్పి తగ్గాలని చేసిన పనివల్ల నీ చేతికి పనే లేకుండా పోతే నేను బతికి ఏం లాభం?

నేనే దిగి వద్దామని సెలవు అడిగాను. నిన్న సొరంగంలో పైకప్పు జారి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. వాళ్ళని వదిలి రానివ్వడం లేదు, వచ్చినా నాకు మనసొప్పదు. ఇక్కడ కూర్చుని గోడలు చూస్తున్నాను.

వదినా, నీకు దండం పెడతాను. సంతకం పెట్టించు.

గువ్వ


డిసెంబరు 4

గువ్వకి,

వదిన దీవెనలు. నువ్వు పంపిన చివరి ఉత్తరం ముప్పై సాయంత్రం వచ్చింది. అప్పటికి చేయడానికేమీ మిగల్లేదు.

యంత్రం బాగానే నడిచింది. కంపెనీవాళ్ళు అప్పు మూసేసి కాగితం ఇరవై తొమ్మిదిన బ్యాంకుకి పంపారు. బ్యాంకువాళ్ళు మళ్ళీ నీ పేరు వెతికారు, శుభ్రంగా ఉందన్నారు. పైవాళ్ళ సంతకం డిసెంబరు ఒకటిన వచ్చింది. ఒక్క రోజు.

ముప్పై మధ్యాహ్నం దాకా ఇంటాయన నాతోపాటు బ్యాంకులో కూర్చున్నాడు. మూడింటికి లేచాడు. "అమ్మా, మాట ప్రకారం ఆగాను. ఆయన డబ్బు సంచితో వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు, నాకూ అవసరాలున్నాయి" అన్నాడు. అబద్ధమేం కాదు. బతిమాలాను. నేను బతిమాలడం నువ్వెప్పుడూ చూడలేదు, చూడకపోవడమే మంచిదైంది. అడ్వాన్సు మాత్రం పూర్తిగా తిరిగి ఇచ్చాడు. ఇల్లు గోడౌను ఆయనకి పోయింది.

కోపం లేదని రాయను. ఉంది. మొన్న సామాన్లు కట్టేటప్పుడు నిన్ను గట్టిగా తిట్టాను, వినేవాళ్ళెవరూ లేరు గనక నోరారా తిట్టాను. తిట్టి, ఏడ్చి, మళ్ళీ టిన్నులు సర్దుకున్నాను. ఆఖరి వాయి రొట్టెలు డబ్బు తీసుకోకుండా వీధిలో అందరికీ పంచాను. బట్టీ చల్లారేదాకా ఉన్నాను. చల్లారడానికి చాలాసేపు పట్టింది. కావాలంటే ఇటుకలు తీసుకెళ్ళమన్నాడు గోడౌను ఆయన, పెద్ద మనసు చేసుకుని. ఏం చేసుకోను ఇటుకలతో? మీ అన్నయ్య లేకుండా వాటిని మళ్ళీ పేర్చేదెవరు?

ఇప్పుడు బస్టాండు వెనక రొట్టెలాయన ఉన్నాడు కదా, ఆయన బట్టీ మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది. అద్దెకిచ్చాడు. కరెంటు బట్టీ, రెండు పక్కలా ఒకేలా కాలుతుంది. నాకు చేతులు తిరగడం లేదు, అలవాటవుతుందిలే. అక్కడ పిండి కలిపే యంత్రం ఉంది, వాడుకోమన్నాడు. మణికట్టు రెండు రోజులుగా నొప్పి లేదు. నీకు ఈ మాట తెలియాలని రాస్తున్నాను. లోను మాత్రం పోలేదు. మూడు నెలలు చెల్లుతుందట, ఇంకో ఇల్లు దొరికితే దానికి ఇస్తారట. వెతుకుతాను, తొందరేం లేదు.

తమ్ముణ్ణి ఎందుకు పంపేశావని నువ్వు అడగబోతున్నావు. ఆ రోజు నీకు రాయలేదు. వాడు పెన్ను మూత తీసినప్పుడు బ్యాంకు మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు. మంచిగానే అన్నాడు, "ఇదే నయమమ్మా. మీ ఆయనే లేనప్పుడు ఆయన చెల్లెలు మీకు ఏమవుతుంది? రేపు పెళ్ళి చేసుకుని పోతుంది, మీ తమ్ముడైతే మీవాడు" అని. నువ్వు నాకేమవుతావో నిజంగానే తెలీలేదు. అదే అన్నాను, "ఆ పిల్ల నాకేమవుతుందో నాకు తెలీదండీ. నేను ఆ పిల్లకి ఏమవుతానో చెబుతాను. అమ్మ లేదు, నాన్న లేడు, అన్న లేడు. ఆ పిల్లకి పుట్టిల్లంటే నేనే. పేరు ఎలా తీసేస్తాను?"

మేనేజరు ఫైలు మూసి తన గదిలోకి వెళ్ళాడు.

కవరు మీద కొత్త చిరునామా ఉంది, జాగ్రత్తగా రాసి పెట్టుకో. రెండు గదులు, మేడ మీద. వీధివైపు గది నీది. నీ పెట్టె, నీ పుస్తకాలు అందులోనే పెట్టాను. తలుపు కాస్త బిగుసుకుంటుంది. సెలవుకి వచ్చినప్పుడు తట్టకు, గట్టిగా తోసుకుని లోపలికి రా.

వదిన